బూడిద చల్లిన చేను

హైదరాబాదు
4 జూన్ 1961

అక్కకు, బావకు,

కొలువు కుదిరింది. పోయిన సోమవారం నుంచి పోతున్నాను. అవ్వకు మెట్‌పల్లికి వేరే కార్డు రాశాను. అయినా కన్నతల్లి మనసు ఆగక ఎవరినో ఒకరిని పట్టుకుని నీకు కబురు పంపుతుంది, "పోరడు పట్నంల ఏం పని చేస్తుండు" అని. అందుకే నీకు వివరంగా రాస్తున్నాను. నువ్వు ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పు.

మా ప్రయోగశాలకు మీ వైపు గనుల నుంచి బొగ్గు సంచుల్లో వస్తుంది. దాన్ని మెత్తగా నూరి, పింగాణీ గిన్నెల్లో పోసి, కొలిమిలో కాలుస్తాం. మిగిలిన బూడిదలో ఏమేమి ఉన్నాయో చూస్తాం. బూడిదలో చూడటానికి ఏముంటుందని నేనూ అనుకున్నాను. కానీ దాన్ని ఇంకా మండించి, ఆ వెలుగును గాజు పట్టకం గుండా పంపి ఫోటో తీస్తే సన్నటి గీతలు పడతాయి. ఒక్కో గీత ఒక్కో ధాతువుది. ఇసుక, ఇనుము, సున్నం దండిగా ఉంటాయి. రాగి, జింకు, మాంగనీసు జాడగా ఉంటాయి. బోరాన్ అని ఇంకొకటి ఉంది. మన కంసాలి వాడే వెలిగారంలో ఉండేది అదే. మందులు కలిపి అంటిస్తే మంట ఆకుపచ్చగా లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చేతిలో పని మరిచి నిలబడిపోయాను.

మొక్కలకు కావలసినవి కూడా ఇవేనని మా ఆఫీసరు గారు అన్నారు. బావా, గనుల పవర్‌హౌసు వెనక గుట్టలా పోసిన బూడిదను నువ్వు ఎన్నోసార్లు చూసి ఉంటావు. అది ఉత్త బూడిద కాదు, ఎరువు. చేతిలో పెట్టుకుని తెలియక పారబోస్తున్నారు. నీ పసుపు చేనుకు వేసి చూడు, దుంప ఎట్లా ఊరుతుందో.

గది దొరికింది. వంట మాత్రం నేర్చుకోవాలి. అన్నం రోజూ అడుగంటుతోంది. అది కూడా ఒక ప్రయోగమే అనుకుని తింటున్నాను.

మీ
ముత్యం


లక్సెట్టిపేట తాలూకా
2 జూలై 1961

ముత్యానికి,

నీ ఉత్తరం మీ బావ నాతో మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. తరువాత అంగీ జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. బాపు పోయినప్పుడు నువ్వు చదువు మానేసి నాగలి పడతానంటే, వద్దని నిన్ను తిట్టి పంపింది నేనే. ఈ వారం ఆ సంగతి మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. నవ్వుకో.

అసలు విషయం రాస్తాను. మీ బావ నీ మాట విని బండ్లు కట్టాడు. పవర్‌హౌసు కాపలావాడు "తీస్కపోండి, ఎంతైనా తీస్కపోండి" అన్నాడట. వాళ్లకు అది పోతే చాలు. దారి పొడుగునా గోధుమపిండి లేచినట్టు లేచింది. ఎద్దుల కళ్లు ఎర్రబడ్డాయి. మా పసుపు చేను మొత్తం చల్లి దున్నారు. మన మెట్‌పల్లి విత్తనపు కొమ్ములే పెట్టాం.

పక్క చేను దేవవ్వక్కది. నీకు గుర్తుందా, నా పెళ్లిలో నీ చేతికి బెల్లం ముద్ద పెట్టి దాచుకోమంది, ఆమె. మీ బావకు వదిన వరుస, నాకు యారాలు. ఆమె మగడు పాము కరిచి పోయాక ఒక్కతే ఆ చేను చేసుకుంటోంది. అనుములు, మిరప వేస్తుంది. ఆమె ముందు జంకింది. "కాలిన దాంట్ల ఏం బలం ఉంటది మరిదీ?" అన్నది. మీ బావ నీ ఉత్తరం తీసి చూపించాడు. "మా బామ్మర్ది చదువుకున్నోడు, సర్కారు కొలువు చేస్తుండు, ఉత్తగ రాస్తడా?" అన్నాడు. ఆమెకు చదువు రాదు. కాగితం చూసి సరేనన్నది. మిగిలిన బండ్లు ఆమె చేనులో పోశారు.

ఒక్కటి మాత్రం నిజం. కాళ్లకు పట్టుకుని వదలని మా నల్లరేగడి, బూడిద కలిశాక పొడిపొడిగా విరుగుతోంది. అందరూ వచ్చి పిడికిట పట్టి చూసి పోతున్నారు.

అన్నం వండేటప్పుడు గంజి వార్చు. అడుగంటదు.

అక్క బాలలక్ష్మి

కింద మీ బావ తన చేత్తో రాస్తానంటున్నాడు:
బామ్మర్దీ నువ్వు మా ఊరికి పేరు తెచ్చినవ్ ఇట్ల హనుమండ్లు


హైదరాబాదు
19 ఆగస్టు 1961

అక్కా,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. బావ రాసిన వాక్యం చూసి నవ్వు వచ్చింది, సంతోషమూ కలిగింది. ఆ కాగితం గోడకు అంటించాను.

నేను రాసింది వెంటనే చేస్తారని అనుకోలేదు. అంటే, చేసింది తప్పని కాదు. అయితే బూడిద ఎంత మందంగా వేశారు? దేవవ్వక్క చేనులో కూడా అంతే వేశారా? కొత్త బూడిద మరీ ఎక్కువైతే కొన్ని మొక్కలకు పడకపోవచ్చని ఒక పుస్తకంలో కనిపించింది. అది ఏదో వేరే దేశపు బొగ్గు సంగతి. మనది అట్లా ఉండాలని లేదు. బావ అనుభవం ఉన్న రైతు, పల్చగానే వేసి ఉంటాడు.

ఊరికే తెలుసుకుందామని ఇక్కడ మా పెరట్లో కొన్ని కుండీల్లో బూడిద కలిపి అనుములు వేశాను. మొలిచాయి. ఆకుల అంచులు కాస్త పసుపెక్కాయి. నీళ్లు ఎక్కువ పోశానేమో.

చేను ఎట్లా ఉందో రాయి. పసుపు ఆకు ఎంత వెడల్పు వచ్చింది? అనుములు పూతకు వచ్చాయా? ఈసారి కూడా చివర బావను ఒక మాట రాయమను.

గంజి వార్చడం వచ్చింది. చేతులు కాలాయి.

ముత్యం


లక్సెట్టిపేట తాలూకా
24 సెప్టెంబరు 1961

ముత్యానికి,

చేను బాగుంది. పసుపు ఏపుగా ఉంది. నువ్వు పరేషాన్ పెట్టుకోకుండా నీ పని చూసుకో. కొత్త కొలువులో ఉన్నవాడివి, ఒంటి మీద ధ్యాస ఉంచు. పోయినసారి అవ్వ నిన్ను చూసి వచ్చి, మెడ ఎముకలు కనిపిస్తున్నాయని ఏడ్చింది.

వానలు బాగా పడ్డాయి. గోదావరి నిండుగా పారుతోంది. లక్సెట్టిపేట సంతకు పోవడం కూడా కష్టమైంది. మా బర్రె ఈనింది, దూడ ఆడది. జున్ను చేసినప్పుడు నీకు పంపే దారి లేదని మనసులో అనుకున్నాను.

దేవవ్వక్క బాగానే ఉంది. ఈ మధ్య మా ఇంటికి రావడం తగ్గింది. పని ఉంటుంది కదా.

మీ బావకు నడుము నొప్పి. పడుకున్నాడు. అందుకే ఈసారి ఏమీ రాయడం లేదు. నువ్వు వేరేగా అనుకోకు.

అక్క


హైదరాబాదు
30 అక్టోబరు 1961

అక్కా, బావా,

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు, సంతోషంతో. ఉత్తరం పట్టుకుని నేరుగా మా ఆఫీసరు గారి గదికి పోయాను. మా అక్క చేను సంగతి చెప్పాను. నల్లరేగడి పొడిగా విరుగుతోందని, పసుపు ఏపుగా ఉందని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "ప్రయోగశాలలో సంవత్సరాలు పట్టే పని ఒక రైతు ఒక్క వానాకాలంలో చేసి చూపించాడు" అన్నారు. నన్ను కూర్చోమన్నారు. ఇన్నాళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

ఇప్పుడు ఒక కరపత్రం అచ్చు వేస్తున్నారు. పవర్‌హౌసు బూడిద, దాని ఉపయోగాలు అని. తెలుగులో రాసింది నేనే. "లక్సెట్టిపేట తాలూకాలో ఒక రైతు" అని రాశాను. పేరు వేయలేదు, బావ సిగ్గుపడతాడని. యాసంగి పంటకు ముందే మీ చుట్టుపక్కల ఊళ్లలో పంచుతారట.

కుండీల పని ఆపేశాను. చేనులోనే రుజువైనప్పుడు కుండీలు ఎందుకు?

బావ ఈసారి ఏమీ రాయలేదు. నడుము నొప్పి అని రాశావు కానీ, నా మీద కోపం వచ్చిందని నాకు తెలుసు. వినాయక చవితికి వస్తానని మాట ఇచ్చి రాలేదు. సెలవు దొరకలేదు బావా. నీకు అంగీ గుడ్డ తీసుకున్నాను, తెల్లది. అవ్వ చేత పంపుతాను. కుట్టించుకుని వేసుకుంటే కోపం పోయిందని అనుకుంటాను.

ముత్యం


లక్సెట్టిపేట తాలూకా
17 జనవరి 1962

ముత్యం,

ఇది కూర్చుని రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. అంతా చదివాక నన్ను తిట్టుకో.

నేను నీకు రాసింది అబద్ధం. సెప్టెంబరులో నీకు ఆ ఉత్తరం రాసేనాటికే మా పసుపు ఆకుల అంచులు నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయి ఉన్నాయి. ముందు పురుగు అనుకున్నాం. తరువాత వాన ఎక్కువైందని అనుకున్నాం. బూడిద వేయని గట్టు వైపు రెండు సాళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది. మొన్న తవ్వితే కొమ్ములు పసిపిల్ల వేళ్లంత ఉన్నాయి. విత్తనానికి కూడా పనికి రావు.

దేవవ్వక్క అనుములు పూతకే రాలేదు. మొలిచిన మొలకలు ఆకులు ముడుచుకుని నిలువునా ఎండిపోయాయి. మిరప కొంత నిలిచింది, కాయ పట్టలేదు. ఆమె మా వాకిట్లోకి వచ్చి ఎండిన తీగ ఒకటి మీ బావ ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మీ బావ సరిగ్గా అన్నం తినడం లేదు. నడుము నొప్పి కాదు. నీకు ఏం రాయాలో తెలియక రాయలేదు. నీ మీద ఆయనకు కోపం లేదు. నువ్వు పంపిన అంగీ గుడ్డ చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది పెట్టెలోనే ఉంది.

ఎందుకు అబద్ధం రాశావని అడుగుతావు. నీకు మొదటి కొలువు. నువ్వు చిన్నప్పటి నుంచి ఒక మాట తగిలితే రోజుల తరబడి ముడుచుకుని కూర్చునేవాడివి. పోయిన పంట ఎట్లాగూ పోయింది, నీ మనసు కూడా ఎందుకు విరవాలి అనుకున్నాను. అంతకంటే ఇంకేమీ ఆలోచించలేదు.

మొన్న సంతలో నీ కరపత్రం ఒకాయన అందరికీ చదివి వినిపించాడు. మీ బావ అక్కడే ఎడ్ల దగ్గర నిలబడి విన్నాడు. "గా రైతు నువ్వే కదనే హనుమండ్లూ" అని ఎవరో భుజం తట్టారట. ఆయన తల దించుకుని బండి తోలుకుని వచ్చాడు. వచ్చి నన్ను అడిగాడు.

"నీ తమ్మునికి ఏమని రాసినవ్?"

చెప్పాను.

"నేను పాడు చేసింది మా వదిన చేనొక్కటే అనుకున్న. నువ్వు ఎంతమంది చేన్లు పాడు చేస్తవ్?" అన్నాడు.

పెళ్లైనప్పటి నుంచి ఆయన నన్ను అట్లా అనలేదు. అనడం తప్పని కూడా నాకు అనిపించలేదు.

పక్క ఊరి అంతయ్య అప్పుడే బండ్లు కట్టి బూడిద తెచ్చి చేనులో పోయించుకున్నాడు. ఇంకా ఎవరెవరు తెచ్చారో మాకు తెలియదు. మీ బావ రోజూ పొద్దున లేచి ఒక్కో ఊరికి పోయి చెప్పి వస్తున్నాడు. "నీ చేనే బాగున్నదని కాయితంల ఉంటే, నువ్వే వద్దంటవా? మాకు రావద్దనా?" అంటున్నారట. అచ్చు వేసిన కాగితాన్ని నమ్ముతున్నారు కానీ ఆయనను నమ్మడం లేదు.

దేవవ్వక్క సంగతి చివరికి పెట్టుకున్నాను, రాయడానికి చేయి రావడం లేదు. చేనులో ఏమీ లేక ఆమె పవర్‌హౌసుకు కూలికి పోతోంది. బూడిద ఎత్తే పనికి. అక్కడే ఎవరో చుట్టాల గుడిసెలో ఉంటోంది.

నువ్వు ఏం చేయగలవో చేయి. త్వరగా చేయి.

అక్క


హైదరాబాదు
28 జనవరి 1962

అక్కా,

నువ్వు అబద్ధం రాశానని బాధపడుతున్నావు. నేను ఆ అబద్ధం కోసం కాచుకుని కూర్చున్నాను. అది నీకు చెప్పకుండా ఇక రాయలేను.

ఆగస్టులో నీకు రాసినప్పుడు కుండీల్లో ఆకుల అంచులు కాస్త పసుపెక్కాయని రాశాను. ఆ రోజుకే సగం ఆకులు మాడి రాలిపోయాయి. నీళ్లు ఎక్కువ కాలేదు. బూడిద కలపని కుండీలకు కూడా అవే నీళ్లు పోశాను. అవి పచ్చగా ఉన్నాయి. నాకు అప్పుడే తెలిసింది. కొత్త బూడిదలో ఆ వెలిగారపు ధాతువు నీళ్లలో ఇట్టే కరుగుతుంది. జాడంత ఉంటే మొక్కకు బలం, కొంచెం పెరిగితే విషం. అనుముల వంటివి అసలే తట్టుకోవు. ఇది పుస్తకంలో స్పష్టంగా ఉంది. నేను "వేరే దేశపు బొగ్గు" అని రాసి నీ ముందు తెలివి చూపించుకున్నాను.

"వెంటనే చేనుకు నీళ్లు పెట్టండి, దేవవ్వక్కకు చెప్పండి" అని తంతి కొట్టవలసిన వాణ్ని. ఊరంతా నా ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగిన బావకు, నాకు తెలియక రాశానని ఎట్లా చెప్పాలో అర్థం కాలేదు. పోస్టులో నీ ఉత్తరం వచ్చి చేను బాగుందని చదవగానే, ఇది నిజమేనా అని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. ఆ సాయంత్రమే కుండీలు గోడ అవతల బోర్లించాను.

నిన్న మా ఆఫీసరు గారికి అంతా చెప్పాను. కుండీల సంగతి కూడా. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. "ఆ చేను నువ్వు కళ్లతో చూశావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "నేనూ అడగలేదు" అన్నారు. మిగిలిన కరపత్రాలు ఆపించారు. పంచినవి వెనక్కి తీసుకోమని మీ వైపు తాలూకా కచేరీలకు రాశారు. నన్ను బొగ్గు నూరే గదికి మార్చారు. ఇక నేను గీతలు చూడనక్కరలేదు.

అంతయ్యకు చెప్పు, బూడిదను ఇంకా దున్ని కలపకపోతే పార పట్టి పైపైన గీకి ఎత్తేయమని. కలిపేసిన వాళ్లు నీళ్లు ఉంటే నిండుగా పెట్టి వదలాలి. లేకపోతే వానల దాకా ఆగాలి. గట్టి వానలు పడితే ఆ విషం కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. అప్పుడు కూడా అనుములు వద్దు, జొన్న వేసి చూడాలి. ఇది పుస్తకంలో ఉన్న మాట. మీ నేలలో ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను.

సెలవు దొరకగానే వస్తాను. దేవవ్వక్కను చూడాలి. బావకు నా మొహం ఎట్లా చూపించాలో తెలియడం లేదు. అయినా వస్తాను.

ముత్యం


హైదరాబాదు
10 జూన్ 1962

అక్కా,

పోయిన నెల వచ్చినప్పుడు నీ ఇంట్లో అన్నం తినకుండా వెళ్లిపోయానని నీకు బాధ. ఎందుకు వెళ్లిపోయానో ఆ రోజు చెప్పలేకపోయాను.

బావ నన్ను చూడగానే ఏమంటాడో అని దారంతా భయపడ్డాను. ఆయన "వచ్చినవా" అని, ఎడ్లకు నీళ్లు పెట్టి, తనతో రమ్మన్నాడు. ఇద్దరం ఊళ్లు తిరిగాం. ఆయన ప్రతి చోటా "గీయనే రాసిండు, గీయనే చెప్తడు, వినుండ్రి" అని నన్ను ముందుకు తోసేవాడు. తిట్టిన వాళ్లు తిట్టారు. అంతయ్య మాత్రం గీకి ఎత్తించిన బూడిద కుప్పను చూపించి, "సగం చేను దక్కింది" అన్నాడు. తెల్లారి పవర్‌హౌసుకు ఒక్కడినే పోయాను. అక్కడ ఏమైందో నీకు తెలియదు.

బూడిద గుట్ట దగ్గర ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని లారీకి ఎత్తుతున్నారు. అందరి మొహాలూ ఒకే తెలుపు. కనుబొమ్మల మీద, పెదవుల మీద బూడిదే. దేవవ్వక్క ఎవరో నేను గుర్తుపట్టలేదు. ఆమే తట్ట దించి నా దగ్గరికి వచ్చింది. నేను చేతులు జోడించాను. తప్పు నాదని, బావది కాదని ఏదో చెప్పాను. ఆమె విన్నది. దగ్గి, ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"చేను సంగతి అయిపోయింది తమ్మీ. ఒక్కటి అడుగుత చెప్పు" అన్నది. "గిది నేలల పడితేనే నా అనుములు సచ్చినయి. నేను పొద్దంతా నెత్తిన మోస్తున్న. ముక్కుల పోతది, బువ్వల పడ్తది. నాకేమైతది?"

అక్కా, "ఏం కాదు" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆమె నమ్మేది. నేను చదువుకున్నవాణ్ని. ఆ మాట అనలేదు. చూసి చెప్తానన్నాను. ఆమె తల ఊపి, మళ్లీ తట్ట ఎత్తుకుంది. అందుకే నీ ఇంట్లో నాకు ముద్ద దిగలేదు.

వచ్చాక పాత ఫోటో పలకలు మళ్లీ చూశాను. ఇప్పుడు అది నా పని కాదు, అడిగి తీసుకున్నాను. రాగి, జింకు గీతల పక్కనే ఎలుకలకు పెట్టే పాషాణం గీత ఉంది, సీసం గీత ఉంది. చాలా సన్నగా ఉన్నాయి, కానీ ఉన్నాయి. నిరుడు నీకు రాసిన మొదటి ఉత్తరంలో వాటి పేర్లు రాయలేదు. అప్పుడు కూడా చూశాను. బావకు చెప్పుకోవడానికి బాగుండే పేర్లే ఏరి రాశాను.

ఆఫీసరు గారిని అడిగాను. మనం బొగ్గును చూస్తాం, మనుషులను కాదు అన్నారు. ఆయన మంచివారే, ఒక డాక్టరుకు చీటీ రాసి ఇచ్చారు. ఆ డాక్టరు గనిలో రాతి దుమ్ము పీల్చిన వాళ్ల ఊపిరితిత్తులను చూశారట. బూడిద మోసే వాళ్లను ఎవరైనా చూశారా అని అడిగాను. తన ఎరుకలో ఎవరూ చూడలేదన్నారు. దుమ్ము మంచిది కాదు, అంతవరకు చెప్పగలనన్నారు.

కాబట్టి దేవవ్వక్కకు నా జవాబు ఇది: నాకు తెలియదు. నన్ను కాపాడటానికి నువ్వు ఈ మాటను మెత్తగా మార్చకు. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించు.

ఎత్తే ముందు బూడిద మీద నీళ్లు చల్లమని మేస్త్రీని అడగాలి. ముక్కుకు, నోటికి తడి గుడ్డ కట్టుకోవాలి. మొహం, చేతులు కడగకుండా బువ్వ తినకూడదు. వీలైతే ఆ పని మానాలి. మానితే తినేది ఏమిటని ఆమె అడుగుతుంది. దానికి కూడా నా దగ్గర జవాబు లేదు. ఆ డాక్టరును ఒకసారి అక్కడికి తీసుకురావాలని తిరుగుతున్నాను. వస్తానని ఆయన ఇంకా అనలేదు.

ముత్యం


లక్సెట్టిపేట తాలూకా
27 జూన్ 1962

ముత్యానికి,

వానలు మొదలయ్యాయి. మొదటి గట్టి వానకు చేనులోంచి తెల్లటి నీళ్లు వాగు వైపు పారాయి. మీ బావ గట్టు మీద తడుస్తూ నిలబడి వాటినే చూశాడు. పదును రాగానే మా చేను వదిలి, ముందు దేవవ్వక్క చేనుకు నాగలి కట్టాడు. జొన్న వేస్తున్నాడు. మొలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. కబురు పంపితే ఆమె ఒక పూటకు వచ్చింది, తన చేనులో విత్తనం తన చేత్తో పడాలని. మనిషి సగమైంది. దగ్గు ఉంది.

విత్తడం అయ్యాక గట్టు మీద కూర్చోబెట్టి నీ ఉత్తరం తీశాను. నిజం చెప్తున్నా, ముత్యం. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి నా నోరు మళ్లీ వెనకాడింది. "పెద్దగ ఏం కాదని రాసిండు" అని చదివితే ఆమెకు తెలుస్తుందా? మీ బావ నాగలి ఆపి నా వైపే చూస్తున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆమె నా చేతిలోని కాగితం వైపు వంగింది. తరువాత అడిగింది.

"తెల్వదు అని రాసిండా?"

"అవునక్కా."

"మల్ల చదువు."

మళ్లీ చదివాను. తడి గుడ్డ సంగతి, నీళ్లు చల్లే సంగతి కూడా చదివించుకుంది. నువ్వు డాక్టరును తెచ్చే ప్రయత్నంలో ఉన్నావని చెప్పాను. వస్తాడా అని అడిగింది. ఇంకా అనలేదట అన్నాను. ఇక్కడే మాతో ఉండిపొమ్మని మీ బావ బతిమాలాడు. జొన్న చేతికి వచ్చేదాకా కూలికి పోక తప్పదన్నది. నేను నా పాత చీర చింపి రెండు గుడ్డలు కుట్టి ఇచ్చాను. వాటిని కొంగులో ముడి వేసుకుంది.

లేచి పోబోతూ చేను వైపు తిరిగి నిలబడింది. కోపంగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నది.

"తెల్వదని గీ మాట పోయినేడే రాస్తే, నా అనుములు నాకుండేటివి."

నేను ఉత్తరం మడిచి రొంటిన పెట్టుకున్నాను. ఆ మాట నిన్ను అన్నదో నన్ను అన్నదో అడగలేదు.

అక్క